తొమ్మిది టెంకలు

ఆపరేషన్‌లో శేషారత్నం అండాశయం మీది గడ్డ తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరో కాదో చెప్పే రిపోర్టు బెజవాడ నుంచి పోస్టులో రావాలి.

ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆమె రోజూ ఒక రసం మామిడిపండు తిని, టెంక పగలగొట్టి చూస్తోంది. పండు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. పురుగుంటే టెంకలోనే ఉంటుంది. అక్కడ లేకపోతే తన కడుపులోనూ ఏమీ లేనట్టేనని ఆమె లెక్క.

భర్త పాండురంగారావు మామిడి వ్యాపారి. సాయంత్రం తోట నుంచి వస్తూ రోజుకో పండు తెచ్చేవాడు. తొమ్మిది రోజులు తొమ్మిది టెంకలు చూసింది. ఒక్కదానిలోనూ పురుగు లేదు.

పదో రోజు ధైర్యం వచ్చి, భర్తకు క్యారేజీ పట్టుకుని రిక్షాలో తనే తోటకు వెళ్లింది. పాక వెనక గుట్టెడు టెంకలు. అన్నీ పగలగొట్టినవే. అన్నిటిలోనూ నల్లటి పొడి, పురుగు.

"ఇవన్నీ ఎవరు పగలగొట్టారండీ?"

పాండురంగారావు చేతిలో రాయి కింద పెట్టాడు.

"నేనే. నువ్వు టెంక పగలగొట్టి చూసుకుంటానన్న రోజే నేనూ మొదలెట్టా. మన తోటలో ఒక్కటైనా మంచిది దొరక్కపోతుందా అని."

"మరి నాకు తెచ్చినవి?"

"అవి ఆగిరిపల్లిలో కొన్నవి, రత్నం."