ఎక్కడ ఏరావమ్మా?

"ఇవి తింటే కాన్సరంటగా?" అంటూ దూరం జరిగి వెళ్ళిపోయింది ఒకావిడ.

రేపల్లె స్టేషను బయట గోనెపట్టా మీద కూర్చున్న సుల్తాన్ బీ ముందు, తట్టలో పుట్టగొడుగులు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

సముద్రపు ఇసకలోని రేడియేషన్ పుట్టగొడుగుల్లోకి ఎక్కుతోందని ఎవడో పనీపాటా లేనివాడు ఫోన్లో వీడియో వదిలాడు. అంతే, బేరం చచ్చింది. వానాకాలం ఈ రెండు నెలలే ఆమెకు కూడు. భర్త బాబూలాల్ పోయాక ఇంట్లో పలకరించే దిక్కు కూడా లేదు.

ఇంకా కొనేది ఒక్కడే. ప్రతి శుక్రవారం తెనాలి బండి దిగి, గొడుగు చంకన పెట్టుకుని వచ్చే ముసలాయన.

"బాగున్నావామ్మా? ఒక కిలో ఇవ్వు."

"ఒక్కరికి కిలో ఎందుకండి?"

"ఎండబెడితే పిడికెడు కూడా రావు గదమ్మా." జేబులోంచి చిన్న పుస్తకం తీసేవాడు. "ఎక్కడ ఏరావమ్మా?"

పుట్టగొడుగులు ఏరేవాళ్ళు ఆ చోటు కన్నకూతురికైనా చెప్పరు. ఆమె చోటు అసలే చెప్పుకునేది కాదు. ఖబరస్తాన్ గోడవార పుట్ట అది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు గనక, ప్రతి గురువారం గోడ బయటే బాబూలాల్ కోసం ఊదుబత్తి వెలిగిస్తుంది. అతనితో రెండు మాటలు చెప్పుకుని, పుట్ట మీద మొలిచినవి ఏరుకొస్తుంది. సమాధుల పక్కవని తెలిస్తే ఇంకెవరైనా ముట్టుకుంటారా?

"దుగ్గిరాల" అంది ఓ వారం. "చేబ్రోలు" అంది మరో వారం. మూడోసారి "నగరం కాలవగట్టు". అన్నీ బుద్ధిగా రాసుకున్నాడు.

నాలుగో వారం వచ్చి, "నగరం వెళ్ళొచ్చానమ్మా. నువ్వు చెప్పిన కాలవగట్టు మీద పుట్టే లేదు" అన్నాడు.

సుల్తాన్ బీకి ఒళ్ళు మండిపోయింది.

"నా వెనకాల తిరుగుతున్నారా? నా చోటు కొట్టేద్దామనా, నన్ను పట్టిద్దామనా?"

"కాదమ్మా, నేను తినడానికి కొనట్లేదు. వీటిని..."

"తినడానికి కాదా! అయితే ఆ వీడియో వదిలింది నువ్వే! నోటికాడి కూడు తీశావు గదయ్యా! ఇంకోసారి ఇటొచ్చావంటే మర్యాద దక్కదు!"

ఆటోవాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన వానలో గొడుగు తెరవడం కూడా మర్చిపోయి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు శుక్రవారాలు బండి వచ్చింది, ఆయన రాలేదు. "బాగున్నావామ్మా" అని అడిగే గొంతు ఊళ్ళో అదొక్కటేనని సుల్తాన్ బీకి అప్పుడు తెలిసింది. వద్దనుకుంటూనే బండి దిగేవాళ్ళందరి మొహాలూ చూసేది.

మూడో శుక్రవారం ఒక అమ్మాయి దిగి, నేరుగా తట్ట దగ్గరికొచ్చింది.

"సుల్తాన్ బీ గారంటే మీరేనా అండి? నా పేరు సాయి ప్రియ, బాపట్ల లాబు నుంచి వచ్చాను. బసవేశ్వరరావు గారని, మా దగ్గరే పనిచేసి రిటైరయ్యారు. మీ పుట్టగొడుగులు ఎండబెట్టి, పొడి చేసి, వారం వారం ఆయనే మీటరు దగ్గర కూర్చుని రేడియేషన్ కొలిచారు. ఏం భయం లేదు, తినొచ్చు. ఇదిగో, ముద్ర వేసిన కాగితం."

"గొడుగాయనా? ఆయనే రావచ్చుగా తల్లీ? తిట్టానని కోపమొచ్చిందా?"

సాయి ప్రియ కళ్ళు తుడుచుకుంది.

"సోమవారం గుండెపోటుతో పోయారండి. ఇంట్లో ఒక్కరే ఉండేవారు. పాలాయన తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలీలేదు."

సుల్తాన్ బీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదు.

"చోటు... ఏ చోటని రాశారమ్మా?"

"'ఆమె సొంత పెరడు' అని రాశారండి. మట్టి కూడా కొలిస్తేగాని లాబులో ముద్ర వెయ్యరని, పోయిన వారం సారే ఇక్కడికొచ్చి తవ్వి తెచ్చుకున్నారు. మిగిలిన మట్టి మీకే ఇమ్మన్నారు" అంటూ ఒక పొట్లం అందించింది.

సుల్తాన్ బీ పొట్లం విప్పింది. గోడ సున్నం పెచ్చులు కలిసిన ఆ నల్లమట్టిలో, తను బాబూలాల్ కోసం వెలిగించిన ఊదుబత్తి పుల్లలు నాలుగున్నాయి.