సూర్యుడి పక్కన నలక

"ఏందిది?" అన్నాడు ఫిజిక్సు లెక్చరర్ ప్రహ్లాదరావు, స్టాఫ్ రూములో కూర్చుని, సువార్తమ్మ చూపిస్తున్న ఫోన్ వైపు ఓరగా చూస్తూ.

"కొత్త తోకచుక్క సార్. ఉపగ్రహం తీసిన సూర్యుని ఫోటోల్లో నేనే పట్టినా," అంది సువార్తమ్మ. ఒకప్పుడు ఆయన దగ్గరే చదివిన ఆమె, ఇప్పుడు ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతోంది.

ఆయన పగలబడి నవ్వాడు. "పత్తిలో నలకలు ఏరేదానికి ఆకాశంలోనూ నలకలే కనపడతాయి!"

"నలకయితే ఒక్కసోటే ఉంటాది గదా సార్. ఇది సూర్యుని తట్టు జరుగుతాంది. ఆ ఫోటోలు పెట్టే సైంటిస్టులు కనిపెట్టినోళ్ల పేర్లు పంపమన్నారు. పాఠం సెప్పినారని మీ పేరూ రాసినా."

"నా పరువు తీస్తావా? ముందు నా పేరు తీసెయ్!"

ఆమె అక్కడే ఫోన్‌లోని ఫారంలో ఆయన పేరు చెరిపి, పంపేసింది.

"రేపు వాళ్లూ నవ్వుతారు, చూడు."

"వాళ్లు నిన్ననే ఖాయం చేసినారు సార్. అందుకే పేర్లు అడిగినారు."

ఆయన నవ్వు ఆగిపోయింది. గబగబా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ఫోన్ లాక్కుని ఫోటో మీదికి వంగాడు.

ఇంతసేపూ ఆయన దాన్ని చూడనే లేదని సువార్తమ్మకు అప్పుడు తెలిసింది. ఆయనంటే ఏళ్లుగా ఉన్న బెరుకు కాస్తా పోయింది.

"ఫోనియ్యండి సార్," అని చెయ్యి చాపింది. "మిల్లుకు పొద్దయితాంది."