పడినవాడి బైకు

ఇంగ్లండ్ రేసు క్లబ్ మేనేజర్ మాట పూర్తికాకుండానే భార్గవి ఫోన్ పెట్టేసింది.

"కాలు విరిగి ఇంటికొచ్చావు, ఎలా ఉందని అడగడు! అక్కడ వదిలొచ్చిన నీ బైకు మాత్రం ఇంకొకడికి కావాలట. పాయింట్లు కొడితేనే డబ్బులు, పడితే పైసా ఇవ్వరు. ఆ బైకూ మన డబ్బులతో కొన్నదే. సిగ్గులేదూ వాళ్ళకి?"

"క్లబ్ దగ్గర మనీ లేదమ్మా. ఇచ్చేద్దాం," కట్టుకాలు దిండు మీద సర్దుకుంటూ అన్నాడు నిశాంత్.

"చస్తే ఇవ్వను!"

"నా ఫస్ట్ విన్ కూడా అలా దెబ్బ తగిలినవాడి బైక్ మీదే. వాళ్ళమ్మ ఓకే అంది."

ఆ గెలుపుకి తాముండే క్లైడ్ నార్త్‌లో వీధంతా లడ్డూలు పంచింది భార్గవే.

"ఆ అబ్బాయికి ఇప్పుడెలా ఉంది?"

నిశాంత్ మళ్ళీ దిండు సర్దుకున్నాడు.

"నువ్వూ అడగలేదన్నమాట!" భార్గవి అరిచింది. "బైకు ఇస్తాను. ముందు ఆ తల్లికి ఫోన్ కలుపు."