కందకుర్తిలో కలిపిన బూడిద

లైట్‌హౌస్ మెట్లు సగం ఎక్కేసరికి నిరోషకు ఆయాసం వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడింది. రెండు మెట్లు కింద శివకుమార్ కూడా ఆగిపోయాడు.

"దిగుదమా?" అన్నాడు.

"ఇంత దూరమొచ్చి దిగుడేంది?" అని ఆమె మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.

పెళ్లయి వారం కాలేదు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. కొత్త జంట అంటే ఎడతెగని ముచ్చట్లుండాలి. వీళ్లు బోధన్‌లో బస్సెక్కి, నిజామాబాద్‌లో రైలెక్కి, నర్సాపురంలో దిగి, పంటు మీద గోదావరి దాటి, ఆటోలో అంతర్వేది చేరేదాకా నాలుగు మాటలు మాట్లాడుకుంటే గొప్ప. వాటిలో సగం "నీళ్లు తాగుతవా" అన్నవే.

వాళ్లనేం అనలేం. ఈ వయసులో పెళ్లేంటని నిరోష మొత్తుకుంది. వద్దని కాదు, ఓపిక లేదని. ఎవరు వింటారు? ఊళ్లో పెళ్లికి కుక్కల హడావిడి అన్నట్టు, చుట్టాలదే తొందరంతా. అందరికన్నా ఎక్కువ తొందర సత్తవ్వది. సత్తవ్వ నిరోషకు అత్త. మొదటి మొగుడు భాస్కర్‌ను కన్నతల్లి. ఆమే దగ్గరుండి కోడలికి ఈ పెళ్లి చేయించింది. తాళి కడుతుంటే అందరికన్నా గట్టిగా ఏడ్చింది కూడా.

నిరోష మాత్రం ఏడవలేదు. పెళ్లి మర్నాడు శివకుమార్‌తో ఒకే మాట చెప్పింది.

"ఆయన బూడిద కందకుర్తి గోదాట్ల కలిపిండ్రు. గా నీళ్లు పొయ్యి పొయ్యి యాడ సముద్రంల పడుతయో ఒక్కపారి సూడాలె. సూసినంక చెప్త. నీతోని బోధన్‌ల కాపురం జేస్తనో, కంఠేశ్వర్‌ల నా కుట్టుమిషన్ కాడికే పోతనో."

అతను సరేనన్నాడు. రైలు టికెట్లు తనే తెచ్చాడు. దారి పొడుగునా ఆమె ముఖం వంక చూస్తూనే ఉన్నాడు, ఏం చెబుతుందో అని.

పైన గాలి చీర కొంగును ఒక చోట ఉండనివ్వడం లేదు. కింద గోదావరి బురదరంగులో వచ్చి సముద్రంలో పడుతోంది. అక్కడి నుంచి నీళ్లు ఆకుపచ్చ. చప్పుడంతా సముద్రానిదే. గోదావరి మాత్రం పొద్దంతా చెరుకు కొట్టి ఇంటికొచ్చిన మనిషిలా, నోరెత్తకుండా లోపలికి పోతోంది.

మెళ్లో కెమెరా వేసుకున్న ఫొటోలాయన పసుపుతాడు చూడనే చూశాడు.

"కొత్తజంటాండీ? అలా అమ్మగారి భుజం మీద చెయ్యేయండి బాబూ! ఎనక సంగమం పడాలండీ!"

శివకుమార్ చెయ్యి లేచింది. సగంలో ఆగి, కటకటాల మీద వాలిపోయింది.

"వద్దన్నా" అంది నిరోష.

"సిగ్గనుకుంటానండీ" అని నవ్వుకుంటూ ఆయన ఇంకో జంటను వెతుక్కుంటూ వెళ్లాడు.

ఇద్దరూ మళ్లీ నీళ్లవైపు తిరిగారు.

"ఆయన మీద కోపం ఇంక పోలేదా?" అడిగాడు శివకుమార్.

"యాడికి పోతది? దుబాయి వీసా రాంగనే దుంకులాడుకుంట పోయిండు. నెలనెల ఫోన్ జేస్తనన్నోడు మల్ల పలకలె. ఎదురుసూసి ఎదురుసూసి నా కండ్లు కాయలు కాసినయ్. ఆఖరికి ఇంక లేడన్నరు. కర్మ చేసిండ్రు. నా గాజులు పగలగొట్టిండ్రు. గప్పటిసంది నా బతుకు నేనే కుట్టుకున్న."

"ఏం యాదికొస్తది?"

"నవ్వు. ఊకె నవ్వుతుండె. చెరుకు లారీ మీద కూసొని ఈలలేసుకుంట వస్తే, వాడకట్టంత తెలుస్తుండె." ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వు నవ్వవు. నిద్రల ఉలిక్కిపడి లేస్తవు. తలుపుకు గొళ్లెం పెట్టనియ్యవు. అన్నం ఎవలో గుంజుకుంటరన్నట్టు తింటవు. నిన్ను సూస్తె భయం లేదు గని, ఎవలో కొత్త మనిషి ఇంట్ల ఉన్నట్టున్నది. గా మనిషే కావాలనిపిస్తది నాకు."

అతను కటకటాలు వదిలి ఆమె వైపు తిరిగాడు.

"గా మనిషి రాడు నిరోషా. నేను తేలేను. నీకు ఇష్టం లేకుంటె కంఠేశ్వర్‌ల దింపి పోత. అవ్వకు నేనే చెప్పుకుంట."

బతిమాలతాడనుకుంది. బతిమాలితే కాదనడం తేలికయ్యేది. అతని ముఖంలో ఆశ అణగిపోయింది గాని నిష్ఠూరం లేదు. ఒళ్లంతా అలసట తప్ప ఇంకేం లేని ఆ మనిషిని చూస్తే ఆమెకు తనను తాను చూసుకున్నట్టే అనిపించింది. ఇన్నాళ్లకు మొదటిసారి జాలేసింది. తన మీద, అతని మీద కూడా.

"బోధన్‌కే పోదాం" అంది.

"ఏమన్నవు?"

"ఎదురుసూసే ఓపిక నాకు లేదింక. ఉన్నోనితోనే ఉంట. నవ్వకున్నా మంచిదే." కొంగు నడుముకు చెక్కుకుని నీళ్లవైపు చేతులు జోడించింది. "పోయినాయనకు దండం పెట్టు. మనకు అడ్డం రావద్దని మొక్కు."

మనిషి జాడ లేదని మోదుగాకుల బొమ్మను కాల్చి తనకు కర్మలు చేసేసిన ఇంటికి గల్ఫ్ జైలు నుంచి ప్రాణాలతో తిరిగొచ్చి, చచ్చినవాడు మళ్లీ పుట్టినట్టే లెక్కని పంతులు చెబితే శివకుమార్ అని కొత్త పేరు పెట్టించుకుని, సొంత పెళ్లానికే రెండోసారి తాళి కట్టిన భాస్కర్, కళ్లు మూసుకుని తన బూడిదకు తనే దండం పెట్టుకున్నాడు.