మొదటి చేప

గొడవ ఎర్ర బకెట్టు దగ్గర మొదలైంది.

"దీంట్ల ఎవరు కాళ్లు కడుక్కున్నరు?" కరుణ బకెట్టును ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "సబ్బు వాసనొస్తాంది."

"నేనే." మంచం మీది నుంచి శివకృష్ణ అన్నాడు. "దగ్గరున్నది గదే. ఒంటికాలు మీద ఎంత దూరం పోవాలె?"

"ఉప్పు నీళ్లు కలిపే బకెట్టని వందసార్లు చెప్పిన. సబ్బు చుక్క పడ్డా చేప సస్తది."

"మంచిదే. గీ ఇంట్ల మొగుని కంటె చేపకే ఇజ్జత్ ఎక్కువ."

"చేప చెప్పిన మాట వింటది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. బకెట్టును మళ్లీ మళ్లీ కడిగి ఎండలో బోర్లించింది.

హాల్లో గోడ పొడవునా ఉన్న సముద్రపు నీళ్ల అక్వేరియం ఆమె బావ కమలాకర్‌ది. ఇల్లూ ఆయనదే. మహబూబ్‌నగర్ చివర కొత్త కాలనీలో, పొడవాటి వీధి సరిగ్గా గేటు ముందుకొచ్చి ఆగే చోట కట్టుకున్నాడు. చీకటి పడితే వచ్చే ప్రతి బండి లైటూ నేరుగా హాల్లోకి కొడుతుంది. అక్వేరియంలోని రాళ్లు ఒక్కసారి వెలిగి ఆరిపోతాయి.

కట్టుకున్నది ఆయనే అయినా, పోయిన ఎండాకాలం పాలు పొంగించింది మాత్రం కరుణా, శివకృష్ణా. కూతురి పదో తరగతి అయ్యేదాకా బడి దగ్గరి కిరాయి ఇల్లు వదలలేనన్నాడు కమలాకర్. రామన్నపేటలో రేకుల ఇంట్లో ఉంటున్న తమ్ముణ్ణి పిలిపించి, ఇక్కడే పని చూపించి, తాళంచెవి చేతిలో పెట్టాడు. కిరాయి ఊసే ఎత్తలేదు. "సొంతింట్ల తమ్ముని తోటి పాలు పొంగిచ్చెటోడు ఈ కాలంల ఎవడున్నడు?" అన్నారు చుట్టాలంతా. ఆ రోజు కరుణ బావ కాళ్లకు మొక్కింది.

వానాకాలంలో ఆమెకు ఐదో నెల కడుపు పోయింది. చలికాలంలో శివకృష్ణ బండిని లారీ గుద్దింది. కాలులో రాడ్డు వేశారు. ఎముక ఇంకా అతకలేదు. పని పోయింది. రెండుసార్లూ దవాఖానకు ముందుగా పరుగెత్తుకొచ్చింది బావే.

అక్వేరియం వచ్చింది ఆ తర్వాతే. బోరు నీళ్లు పనికిరావని ఫిల్టరు నీళ్లు పోయించి, ప్యాకెట్టు ఉప్పు కలిపారు. ఇసుక, గుల్ల రాళ్లు, వాటి మధ్య ఒకే ఒక్క నీలం చేప. వేలెడంత ఉంటుంది.

"పగడాలు, రంగుల చేపలు ఎప్పుడొస్తయి బావా?"

"ముందుగాల నీళ్లు తయారు కావాలె. చేప తిన్నది, ఏరిగింది అంత నీళ్లల్ల విషమైతది. గా విషం తినే క్రిములు రాళ్ల మీద పుట్టాలె. కంటికి కనవడవు. అవి పుట్టేదాక..." కమలాకర్ గోటితో అద్దం మీద కొట్టాడు. "విషమంత దీని మీదికెల్లి పోతది. అందుకే అగ్గువ చేపను ముందేస్తరు."

చేప మొప్పలు ఎర్రబడ్డాయి. పైకి తేలి నోరు తెరిచి గుటకలు వేసేది. గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే ముదురు ఆకుపచ్చ తేలేది. అది పసుపైతే విషం పోయినట్టు. నీళ్లు మార్చితే పని వెనకబడుతుందని బావ హెచ్చరించినా, కరుణ చూడలేక దొంగతనంగా బకెట్టు, అరబకెట్టు మారుస్తూనే ఉంది.

ఈ ఇంట్లో ఒక్క ప్రాణమైనా నిలవాలి. ఆమె కోరిక అంతే.

నిలిచింది. తోక అంచు చీలికలైంది. ఒక కన్ను తెల్లబడింది. అయినా నిలిచింది.

ఆ ఆదివారం కమలాకర్, భార్య మమత భోజనానికి వచ్చారు. వస్తూనే ఆయన గాజు గొట్టం తెమ్మన్నాడు. చుక్కలు వేసి, ఊపి, కిటికీ వెలుగుకు పట్టాడు.

పసుపు.

"అయిపోయింది. తయారైంది," అన్నాడు తృప్తిగా.

అన్నాలకు కూర్చున్నారు. శివకృష్ణ కాలు చాపుకుని గోడకు ఆనుకున్నాడు. కరుణ వడ్డిస్తోంది.

"రేపు హైదరాబాద్ వొయ్యి మంచి చేపలు తెస్త. నీలందాన్ని తీసెయ్యాలె."

"ఎందుకు బావా? బతికింది గద."

"కొత్తయి వస్తే ఉండనియ్యది. కొరుకుతది. దాని పని అయిపోయింది."

"చిన్న తొట్టిల నేను సాదుకుంట."

"తీస్కపో. నేనొద్దంటనా?"

కరుణ చేతిలో గరిటె ఆగింది. "యాడికి తీస్కపోవాలె బావా?"

కమలాకర్ ముద్ద మింగి తమ్ముడి వైపు తిరిగాడు. "అదే చెప్దామనుకుంటున్న. పిల్ల పరీక్షలు అయిపోయినయి. వచ్చే బేస్తవారం మేం దిగుతున్నం. మీకు బస్టాండు ఎనుక రెండు అర్రలు చూసిన."



"నీ ఇల్లు నీకే గదనే అన్నా," అన్నాడు శివకృష్ణ. "ఇన్ని దినాలు ఉంచుకున్నవ్. తోడవుట్టినోడు ఇంకేం చెయ్యాలె?"

మమత అన్నం కెలుకుతోంది గానీ తినడం లేదు. మొగుడి చెవిలో పడేంత మెల్లగా అడిగింది. "ఇంకొన్ని దినాలు ఆగుదమా? నాకైతే భయమైతాంది."

కరుణ అప్పుడే ఆమె వెనక వంగి పప్పు వేస్తోంది.

"ఏడాది ఎల్లింది గద, ఇంకేం భయం," కమలాకర్ కూడా గొంతు తగ్గించాడు, "వీధిపోటు ఇంటి గండమంత ముందుగాల పాలు పొంగిచ్చినోళ్ల మీదికెల్లి పోతదని అయ్యగారు అప్పుడే చెప్పిండు గద."