మొదటి ముద్ద

"గొట్టం వెయ్యడానికి వీల్లేదు!" అంది ఆశాజ్యోతి, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి.

ఆ విసురుకి పెళ్ళిగాజులు గలగలమన్నాయి. అంత కోపంలోనూ ఆ చప్పుడు ఆమెకు ముచ్చటగానే ఉంది.

మగ నర్సు దుర్గారావు సంచీతో గుమ్మం బయటే ఆగిపోయాడు. "నాకేటి సరదాయా సెల్లెమ్మా? ముసలమ్మ తిండి మానీసింది. ముక్కులోంచి గొట్టం ఏసి పాలూ జావా పొయ్యమని డాక్టరు గారు సెప్పారు."

"వేస్తే ఉంచుకుంటుందా? పీకేస్తుంది."

"అందుకే సేతులు మంచానికి కట్టీస్తాం."

ఆశాజ్యోతి వెనక్కి తిరిగి చూసింది. మంచం మీద కూర్చున్న భర్త నాయనమ్మ చిలకమ్మ, ఒళ్ళోని దుప్పటి మడతల్లో చేపలు ఏరుతున్నట్టు వేళ్ళు ఆడిస్తోంది. జాలరిపేటలో చేపల గంప నెత్తికెత్తుకుని ఊరంతా తిరిగి అమ్మిన మనిషి. ఇప్పుడు కోడలిని గుర్తుపట్టదు. సొంత మనవణ్ణి పట్టుకుని "ఏ ఊరు బాబూ మీది?" అంటుంది. అన్నీ మరిచిపోయినా ఆ చేతులు మాత్రం ఊరుకోవు. వాటిని కట్టేస్తారట!

"మింగడానికి ఇబ్బందేమీ లేదని ఆ డాక్టరు గారే అన్నారు. నోరు తెరవడం లేదు, అంతేగా? నేను తెరిపిస్తాను."

"పెళ్ళయిన కాడి నుంచీ తెరిపిత్తానంతానే ఉన్నావు," అన్నాడు ఆమె భర్త సుమంత్. పోర్టులో షిఫ్టు మార్చుకుని మరీ ఇంట్లో ఉన్నాడు. "మామ్మ సగమైపోయింది ఆశా. మొండికెయ్యకు."

అత్తగారు ధనలక్ష్మి వంటింట్లోంచి వచ్చి గోడకి చేరగిలబడింది. "నాను ఎట్టినప్పుడు కాస్తో కూస్తో తినీదమ్మా. నువ్వు అడుగెట్టి, ముసల్దానికి నానే తినిపిస్తానన్న కాడి నుంచే మరీ ఇలాగయిపోయింది. నిన్నంటన్నానని అనుకోకు."

అనుకోకు అంటే ఎలా? ఆ మాట ఆశాజ్యోతికి సూదిలా గుచ్చుకుంది. కొంగు నడుముకి బిగించి దోపింది.

"ఈ ఒక్క పూట ఇవ్వండి అత్తయ్యా. అప్పటికీ తినకపోతే నేనే అడ్డు తప్పుకుంటాను."

"తొరగా కానీ తల్లీ. పరవాడలో ఇంకో పేషెంటున్నారు నాకు," అంటూ దుర్గారావు ఫ్యాను కిందికి కుర్చీ లాక్కున్నాడు.

వంటింట్లో వంజరం చేప పులుసు పొగలు కక్కుతోంది. ఆశాజ్యోతి ముళ్ళన్నీ తీసి, వేడన్నంలో మెత్తగా పిసికింది. చింతపండు వాసనకి ఆమె కడుపులోనే పేగులు అరిచాయి.

"నువ్వు కూడా ఏటీ తిన్నేదు పొద్దున్నుంచి," అంది ధనలక్ష్మి. "ఓ ముద్ద నోట్లో ఏసుకుని ఎల్లు. కళ్ళు సూడు, ఎలాగ పీక్కుపోయాయో."

"పెద్దవాళ్ళు తినకుండా నేనెలా తింటానండీ? కాకినాడలో బయల్దేరేటప్పుడు మా అమ్మ ఒట్టేయించుకుంది."

రోజూ అదే మాట. మామ్మ ముందు కూర్చుని కంచం చల్లారిపోయేదాకా బతిమాలడం, ఆ తర్వాత వంటింట్లో ఒక మూల నిలబడి నాలుగు మెతుకులు మింగడం. ఇప్పుడూ కంచం తీసుకెళ్ళి మంచం మీద చిలకమ్మ ఎదురుగా కూర్చుంది.

"మామ్మా, వంజరం! ఇందాకే ఒడ్డుకొచ్చింది. నువ్వే చెప్పు, తాజాదా కాదా?"

చిలకమ్మ నవ్వింది. గాజుల్ని వేలితో మీటింది. మెడలోని పసుపుతాడు పట్టుకుని చూసింది. తర్వాత ఆమె ముఖంకేసి చాలాసేపు చూసింది. ఆశాజ్యోతికి ప్రాణం లేచొచ్చింది. గబగబా ముద్ద పైకెత్తింది.

చిలకమ్మ పెదాలు బిగించి, ఆమె మణికట్టు పట్టుకుని, ముద్దని తిరిగి ఆమె ముఖం మీదకే తోసేసింది. పులుసు ముక్కుకి అంటింది.

"రోజూ ఇదే వరస," అన్నాడు సుమంత్, నవ్వాలో ఏడవాలో తెలియక.

ఇంకో ముద్ద. మళ్ళీ తోసేసింది. ఇంకోటి. అదీ అంతే. ముసలి చేతికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

దుర్గారావు లేచి చేతులకి తొడుగులు వేసుకున్నాడు. గొట్టం ప్యాకెట్టు చింపిన చప్పుడుకి ఆశాజ్యోతి కళ్ళ వెంట నీళ్ళు జారిపోయాయి.

"బాగోలేదనుకుంటున్నావా మామ్మా? అనుమానమా? అయితే చూడు!"

అమ్మకి వేసిన ఒట్టు గట్టున పెట్టి, ఆ ముద్ద తన నోట్లోనే పెట్టేసుకుంది. ఖాళీ కడుపులోకి పులుసన్నం వెచ్చగా దిగుతుంటే, ఏడుపు మధ్యలోనే 'అబ్బ, ఎంత బాగుందో!' అనిపించింది.

చిలకమ్మ ఆ ముద్ద గొంతు దిగేదాకా కన్నార్పకుండా చూసింది. తర్వాత, చిన్నపిల్లలా, నోరు తెరిచింది.

ఆశాజ్యోతి వెంటనే ఓ ముద్ద పెట్టింది. చిలకమ్మ శుభ్రంగా నమిలి మింగింది.

"చూశారా! రుచి చూపిస్తే తింటుంది!" ఆశాజ్యోతి మంచం మీదే గెంతినంత పని చేసింది. దుర్గారావు నోరు వెళ్ళబెట్టి గొట్టం సంచీలో పడేశాడు. ధనలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ ఊపులో ఇంకో ముద్ద అందించింది. చిలకమ్మ పెదాలు మళ్ళీ బిగుసుకున్నాయి. చెయ్యి మళ్ళీ ఆశాజ్యోతి నోటి వైపే తోసింది.

"అయ్యో, మళ్ళీ ఏమైంది మామ్మా?"

ఎన్నాళ్ళుగానో 'ఏ ఊరు' అని అడగడం తప్ప మరో మాట ఆడని చిలకమ్మ, ఆశాజ్యోతిని వేలితో చూపిస్తూ, ధనలక్ష్మి మీద గట్టిగా గుడ్లురిమింది.

"ఎవులి పిల్లో గానీ, పసుపుతాడు పచ్చైనా ఆరనేదు, రోజూ ఆకలి కడుపుతో తెచ్చి నా ముందు కూకోబెడతన్నారు! ముందు దానికి కూడెట్టండే, అప్పుడు తింతాను నాను!"