పాస్‌వర్డ్ మార్చుకో బిడ్డా

"నీ ఇంట్ల వైఫై పాస్‌వర్డ్ మార్చుకో బిడ్డా. ఇయ్యాల్నే మార్చుకో."

గేటు అవతల నిలబడ్డ ముసలామె ఆ మాట అనేసరికి ఉషకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే అనుమానం వచ్చింది.

ఎన్నడూ చూడని మనిషి. చంకలో సంచి, కాళ్ల నిండా దుమ్ము. ఎవరని అడిగితే చెప్పలేదు. ఎందుకు మార్చుకోవాలని అడిగితే తల దించుకుంది.

ఫోన్లలో తియ్యగా మాట్లాడి ముంచేవాళ్ల సంగతులు ఉష రోజూ వింటూనే ఉంది. ఇదేదో కొత్త ఎత్తు అనుకుంది.

"పాస్‌వర్డ్ ఏందో తెల్సుకుందామని వచ్చినవా అవ్వా?"

"నాకొద్దు బిడ్డా. మార్చుకో, గంతే."

లోపల లైవ్ వీడియోలో చీరలు చూసేవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఉష గేటుకు గడియ పెట్టి వెళ్లిపోయింది.

కొత్తకోటలో ఆ కిరాయి ఇంటికి ఆ చీరలే ఆధారం. తండ్రి పోయాక మగ్గం మూలపడింది. ఉష నేతగాళ్ల దగ్గర చీరలు తెచ్చి, ముందు గదిలో నిలబడి ఫోన్లో చూపిస్తూ అమ్ముతుంది. తల్లి లీలమ్మ మడతలు పెడుతుంది.

ఆ వారంలోనే పోలీసులు వచ్చారు.

ఎవరో ఒక కాలేజీ అమ్మాయి పేరుతో దొంగ అకౌంటు తెరిచారట. ఆమె ఫోటోలకు రోత రాతలు తగిలించి ఊరంతా పంపుతున్నారట. ఆరా తీస్తే అవన్నీ ఉష ఇంటి ఇంటర్నెట్ నుంచే వెళ్లాయట. ఆ అమ్మాయి తలుపేసుకుని గదిలోంచి బయటకు రావడం లేదట.

పోలీసు బండి కదలకముందే ఇంటి ఓనరు పోచయ్య వచ్చాడు.

"పోయి ఆ పిల్ల తండ్రి కాళ్లు మొక్కు. గంతటితోని అయిపోతది. లేకుంటె ఇల్లు ఖాళీ చెయ్."

మొక్కితే పోయేదేముందని లీలమ్మ కూడా ఏడ్చింది. ఉష ఇద్దరి వైపూ చూసింది.

"చెయ్యని తప్పుకు నేను మాఫీ అడగ కాకా. ఇల్లు గూడ ఇడువ."

ఠాణాలో ఎస్సై ఒకటే అడిగాడు, ఆ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసని.

ఉషకే గుర్తులేదు. లైను పెట్టించిన రోజు ఎవరో ఏదో పెట్టిపోయారు. అప్పటినుంచి ఫోను దానంతటదే కలుస్తోంది. నీకే తెలియనిది ఇంకొకరికి ఎట్లా తెలుస్తుందని ఎస్సై అన్నప్పుడు, ఆ జవాబు తనే తెస్తానని చెప్పి లేచింది.

ఇంటికొచ్చి ఫోను సెట్టింగుల్లో తన వైఫై పేరు నొక్కింది. 'షేర్' అన్నచోట నొక్కి, ఫోను లాకు తెరవగానే పాస్‌వర్డ్ బయటపడింది.

అది ఆమె ఫోన్ నంబరే. ఇంటి ముందు చీరల బోర్డు మీద బారెడు అంకెలతో రాసి ఉన్న నంబరు. దారిన పోయే ఎవడైనా చదువుకోవచ్చు.

ఉష అంతటితో ఆగలేదు. వైఫై డబ్బా అడుగున ఉన్న అడ్రసూ పాస్‌వర్డూ ఫోన్లో కొట్టి దాని సెట్టింగుల్లోకి వెళ్లి చూసింది. తన ఫోను, అమ్మ ఫోను, టీవీ, వాటితోపాటు ఎవరిదో తెలియని ఫోను ఒకటి ఆ క్షణానే లైనులో ఉంది.

దాన్ని ఫోటో తీసి ఎస్సైకి పంపింది. ఆయన సరే అన్నాకే పాస్‌వర్డ్ మార్చింది. పేర్లూ నంబర్లూ పుట్టినరోజులూ లేకుండా, తనకు తప్ప ఎవరికీ తట్టని పొడవాటి మాటలు పెట్టింది. డబ్బాలోకి వెళ్లే పాస్‌వర్డ్ కూడా మార్చేసింది.

ఆ సాయంత్రం చీరలు పక్కన పెట్టి లైవ్‌లో నిలబడింది. వద్దని లీలమ్మ చెయ్యి పట్టుకున్నా వినలేదు.

"నా లైను మీదికి దొంగలెక్క ఎక్కి ఒక ఆడివిల్లను బజార్ల పెట్టినోడు ఒకడున్నడు. ఆ పిల్ల ఎందుకు దాక్కోవాలె? నేనెందుకు తల దించాలె? వాడు దొరికేదాంక నేను ఊకోను."

మర్నాడు ఠాణా నుంచి కబురొచ్చింది.

ఉష మెట్లెక్కుతుంటే ఆ ముసలామె దిగుతూ కనిపించింది. అదే సంచి. ఆ అమ్మాయి తరఫు మనిషి అయి ఉంటుందని ఉష అనుకుంది. సిగ్గుతో ఆగింది.

"అవ్వా, ఆ దినం నీ మాట ఇననైతి."

ఆమె ఉష భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వన్న నిలబడ్డవు బిడ్డా," అని దిగి వెళ్లిపోయింది.

లోపల ఎస్సై బల్ల మీద ఒక ఫోను ఉంది. దొంగ దొరికాడన్నాడు. ఉష ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉన్న గదిలో కిరాయికుండే బాలకృష్ణ. ఆ అమ్మాయి తనను కాదన్నదని కక్ష పట్టాడు.

ఎట్లా దొరికాడని ఉష అడిగింది.

తాము పట్టుకోలేదని ఎస్సై ఒప్పుకున్నాడు. పొద్దున్నే నర్సింగమ్మ అనే ఆమె వాడిని రెక్క పట్టి ఈడ్చుకొచ్చిందట. వాడి చేష్టలు కళ్లబడ్డ రోజే చెంప పగలగొట్టిందట. వినలేదట. లైను ఆగితే మానుకుంటాడని ఉష గేటు దాకా వెళ్లింది గానీ, వాడి పేరు చెప్పడానికి నోరు రాలేదట. నిన్నటి వీడియో చూశాక ఆగలేకపోయిందట. సాక్ష్యం మీద వేలిముద్ర వేసింది. కోర్టులో కూడా చెప్తానంది. విడిపించమని ఎవరొచ్చినా వదలొద్దంది.

ఉష బయటికి పరుగెత్తింది. ఆ ముసలామె కిటికీ పక్కన కూర్చున్న అచ్చంపేట బస్సు అప్పటికే రోడ్డెక్కి వెళ్లిపోతోంది.

తిరిగొచ్చి, వాడు కిరాయికుండే ఆ గది ఆమెదేనా అని అడిగింది.

ఎస్సై బల్ల మీది ఫోను తీసి కవర్లో పెట్టాడు.

"ఆమెకు ఉన్నది వాడొక్కడే కొడుకమ్మా," అన్నాడు.